కృష్ణ ఒడ్డున బుద్ధుడి ఊళ్లు

ఫణిగిరి నుంచి గుంటుపల్లి దాకా ఐదు రోజుల బస్సు ప్రయాణం. దారి పొడవునా స్తూపాలే. వాటి శిల్పాలు మాత్రం కొన్ని చెన్నైలో, కొన్ని లండన్‌లో, కొన్ని నీళ్ల నడుమ దీవిలో ఉన్నాయి. మరి అంత దూరం వెళ్లి చూసేదేముంది? చాలానే ఉంది, పక్కన చెప్పేవాళ్లుంటే!

అమరావతి మహాచైత్యం గేటు దాటి లోపలికి అడుగుపెట్టిన కొత్తవాళ్లు మొదట వేసే ప్రశ్న గైడ్లకు కంఠతా వచ్చు. ‘స్తూపం ఎక్కడండీ?’ అని. ఎదురుగా ఉన్నదే స్తూపం. గడ్డి మొలిచిన గుండ్రటి దిబ్బ, దాని చుట్టూ తక్కువ ఎత్తు ఇటుక కట్టడం, అక్కడక్కడా నిలబెట్టిన పల్నాటి సున్నపురాతి పలకలు. సాంచీ చూసొచ్చినవాళ్లకైతే మొహంలో నిరాశ దాచుకోవడం కష్టం. ఒకప్పుడు ఈ స్తూపం సాంచీ స్తూపం కంటే పెద్దదని, అడుగున దీని వ్యాసం దాదాపు 50 మీటర్లని చెబితే ఆ నిరాశ కాస్తా అనుమానంగా మారుతుంది. అంత పెద్ద కట్టడం ఏమైపోయినట్టు?

కృష్ణ పరీవాహకంలో బౌద్ధ క్షేత్రాల టూరుకు బయల్దేరితే ఊరూరా ఎదురయ్యే ప్రశ్న ఇదే. ఒక్కో ఊరు ఒక్కో రకంగా ఖాళీ అయింది. ఒకటి నీట మునిగింది. ఒకటి ఓడెక్కింది. ఇంకొకటి రోడ్డు కింద, కాలువ కింద పడింది. కారులో సొంతంగా వెళ్లినవాళ్లు పావుగంటలో ఒక సెల్ఫీ దిగి, ‘ఏమీ లేదు, నాలుగు ఇటుకలున్నాయి’ అనేసి వెనక్కి తిరుగుతారు. అదే నాలుగు ఇటుకల దగ్గర గైడుతో వచ్చిన బస్సు గంటన్నర ఆగుతుంది. కట్టిందెవరు, డబ్బిచ్చిందెవరు, తవ్విందెవరు, పట్టుకుపోయిందెవరు అనే నాలుగు కథలూ అక్కడే నిలబడి వినాలి. ఈ టూరులో సగం చూపు, సగం వినికిడి.

ఫణిగిరి: రాజవైద్యుడి ధర్మచక్రం

హైదరాబాద్‌లో తెల్లవారుజామున బయల్దేరిన బస్సు విజయవాడ హైవే ఎక్కి సూర్యాపేట దారి పడుతుంది. టిఫిన్ల దగ్గర బస్సు ఆగేసరికి పరిచయాలు మొదలవుతాయి. ఇలాంటి టూర్లకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, సెలవులకు అమెరికా నుంచి వచ్చిన పిల్లల్ని వెంటేసుకొచ్చిన తాతయ్యలు, నాయనమ్మలు. మా బస్సులో వెనక సీట్లన్నీ గ్రూప్స్‌కు ప్రిపేరవుతున్న కుర్రాళ్లవి. గైడు నోటి వెంట ఏ సంవత్సరం వచ్చినా వాళ్ల పెన్నులు కదిలేవి.

సూర్యాపేట జిల్లా నాగారం మండలంలో ఉంది ఫణిగిరి. పడగ విప్పిన పాములా కనిపించే కొండ కాబట్టి ఆ పేరు. కింద పొలాలు, ఊరు. మెట్లెక్కి పైకి చేరితే ఒక పట్టణమంత ఆవరణ పరుచుకుని ఉంటుంది. మహాస్తూపం పునాది, ఒక కొస గుండ్రంగా ముగిసే చైత్యగృహాలు, భిక్షువుల గదులు, వరసగా నిలిచిన మండప స్తంభాలు. నిజాం కాలంలోనే పురావస్తు శాఖ దీన్ని గుర్తించినా, అసలు సంపద బయటపడింది 2001 తర్వాత జరిగిన తవ్వకాల్లోనే. రెండువైపులా చెక్కిన తోరణం దూలాలు, బుద్ధపాదాలు చెక్కిన పలకలు, బుద్ధుడి జీవిత ఘట్టాలున్న శిల్పాలు దొరికాయి.

ఇక్కడ దొరికిన ఒక శాసనం దగ్గర గైడు కాస్త ఎక్కువ సేపు ఆగాడు. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరంలో ఒక ధర్మచక్ర స్తంభాన్ని నిలబెట్టారని ఆ శాసనం చెబుతుంది. దాత రాజు కాదు, రాజుగారి ముఖ్యవైద్యుడు. ‘డాక్టరుగారి డొనేషనా!’ అని ఒక పెద్దాయన నవ్వారు. నవ్వినా, అసలు సంగతి అదే. ఈ టూరులో చూసే కట్టడాల్లో రాజులు స్వయంగా కట్టించినవి తక్కువ. వైద్యులు, వర్తకులు, గృహిణులు, భిక్షుణులు తలా ఒక స్తంభమో పలకో ఇచ్చి నిలబెట్టినవే ఎక్కువ. గుడిలో ఫ్యాను రెక్కల మీద దాత పేరు రాయించుకునే మన అలవాటుకు ముత్తాతలు వీళ్లే.

2024లో ఇక్కడే ఒక కుండ బయటపడింది. అందులో 3,730 సీసపు నాణేలు. ఒకవైపు ఏనుగు బొమ్మ, రెండోవైపు ఉజ్జయిని గుర్తు. అంతకు ఏడాది ముందు, 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తొలినాళ్ల బౌద్ధకళ మీద పెద్ద ప్రదర్శన పెడితే అందులో ఫణిగిరి శిల్పాలూ ఉన్నాయి. హైదరాబాద్ నుంచి మూడు గంటల దూరంలో ఉన్న ఊరి రాళ్లను న్యూయార్క్‌వాళ్లు టికెట్ కొనుక్కుని చూశారు. ఫణిగిరి మెట్ల మీద మాత్రం ఆ పూట మా బస్సువాళ్లు తప్ప ఇంకెవరూ లేరు.

నాగార్జునకొండ: మునిగిన రాజధాని

మిర్యాలగూడ మీదుగా రాత్రికి సాగర్ చేరుతుంది బస్సు. అవతలి ఒడ్డు ఆంధ్ర, ఇవతలి ఒడ్డు తెలంగాణ. ఇవతల 2022లో తెరిచిన బుద్ధవనంలో అమరావతి స్తూపం ఎలా ఉండేదో చూపించే కొత్త కట్టడం ఉంది. పాతదానికి ముందు కొత్తది చూడటం ఒకందుకు మంచిదే. తర్వాత అమరావతిలో దిబ్బ చూసినప్పుడు దాని మీద ఈ అండాన్ని, అంటే గుండ్రటి గుమ్మటాన్ని, ఊహించుకోవచ్చు.

పొద్దున్నే విజయపురి సౌత్ నుంచి లాంచీ. గట్టు విడిచాక గంటసేపు చుట్టూ నీళ్లే. ‘మనం ఇప్పుడు ఒక రాజధాని మీదుగా వెళ్తున్నాం’ అన్నాడు గైడు. కబుర్లు ఆగిపోయాయి. లాంచీ కింద ఉన్నది క్రీస్తుశకం 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి.

1926లో, మద్రాసు శాసన విభాగంలో తెలుగు అసిస్టెంటుగా ఉన్న రంగస్వామి సరస్వతి ఈ లోయలో శిథిలాల్ని గుర్తించారు. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వారు. అప్పటికి తొందరేమీ లేదు. నాగార్జునసాగర్ డ్యామ్ ఆలోచన రావడంతో లెక్క మారిపోయింది; 1955 డిసెంబరు 10న నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. లోయ మునగడం ఖాయం. 1954లో ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో మొదలైన భారీ తవ్వకాలు 1960 దాకా సాగాయి. ఒకపక్క డ్యామ్ లేస్తుంటే ఇంకోపక్క పాతరాతియుగం నుంచి మధ్యయుగాల దాకా పొరలు పొరలుగా లోయను విప్పి రాసుకున్నారు. ముప్పైకి పైగా బౌద్ధ ఆరామాలు, హిందూ ఆలయాలు, కోట, అశ్వమేధ యాగస్థలం, మెట్ల వరసలతో ఒక రంగస్థలం బయటపడ్డాయి. వాటిలో ముఖ్యమైన కొన్నిటిని ఇటుకా ఇటుకా విప్పి కొండ మీదికి, తూర్పు గట్టున అనుపుకు తరలించి మళ్లీ కట్టారు. మిగతావి నీళ్లకు వదిలేశారు. లోయ మధ్య కొండ దీవి అయింది. 1966లో దాని మీద మ్యూజియం తెరిచారు.

కొండ మీద మళ్లీ కట్టిన మహాచైత్యం దగ్గర ఆంధ్ర స్తూపాల కిటుకు కళ్లారా చూడొచ్చు. సాంచీలాగా ఇది గట్టి ఇటుకల ముద్ద కాదు. అడుగున బండిచక్రం ఆకారం. మధ్యలో కుండ, దాని నుంచి ఆకుల్లాగా ఇటుక గోడలు, చివర గుండ్రటి పట్టా. ఆ గోడల మధ్య మట్టి నింపి పైన అండం కట్టేవారు. ఇటుక కలిసొచ్చేది, కట్టడానికి బలమూ వచ్చేది. నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన వేదికల మీద ఐదేసి ఆయక స్తంభాలు. బుద్ధుడి జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, తొలి ప్రవచనం, నిర్వాణం అనే ఐదు ఘట్టాలకు అవి గుర్తులు.

ఆ స్తంభాల మీది శాసనాలు చదివితే ఇక్ష్వాకుల ఇంటి సంగతులన్నీ బయటపడతాయి. వంశకర్త చాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. మహాచైత్యానికి స్తంభాలు ఎత్తించినది మాత్రం అతని సోదరి చాంతిసిరి. ఆమె అప్పటి రాజు వీరపురుషదత్తుడికి మేనత్త. ఆ రాజు పెళ్లాడినవాళ్లలో ఇంకో మేనత్త కూతుళ్లూ ఉన్నారు. ‘మేనరికం అప్పట్నుంచే ఉందన్నమాట!’ అని ముందు సీట్లో అమ్మగారు అనేసరికి బస్సంతా గొల్లుమంది. మగవాళ్లు యాగాలు చేస్తుంటే అదే ఇంటి ఆడవాళ్లు ఆరామాలు కట్టించారు. మతం పేరుతో ఇంట్లో గొడవైనట్టు ఏ శాసనమూ చెప్పదు.

బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం ఇంకా ఆసక్తికరం. సింహళం నుంచి వచ్చిన ఆచార్యుల కోసం ఆమె ఒక చైత్యగృహం కట్టించింది. ఆ ఆచార్యులు ధర్మం బోధించిన దేశాల జాబితాలో కశ్మీరం, గాంధారం, చీనా, వంగ, యవన, ద్రమిళ దేశాల పేర్లున్నాయి. అదే శాసనంలో కంటకసోల అనే ఊళ్లో ఆమె కట్టించిన రాతి మండపం ప్రస్తావన వస్తుంది. ‘ఈ పేరు గుర్తుపెట్టుకోండి, నాలుగో రోజు ఆ ఊరికి వెళ్తాం’ అన్నాడు గైడు.

తిరుగు లాంచీలో చర్చ మొదలైంది. ఇంత చరిత్రను ముంచడం న్యాయమేనా అని గ్రూప్స్ కుర్రాడు అడిగాడు. పల్నాడు నుంచి వచ్చిన పెద్దాయన ఊరుకోలేదు. ‘బాబూ, ఈ నీళ్లు రాకముందు మా ఊళ్లో సజ్జన్నం తిన్నాం. 1967లో కాలువలకు నీళ్లొదిలాకే వరి అన్నం రోజూ తిన్నాం. నువ్వు చెప్పేదీ నిజమే, మా కడుపు చెప్పేదీ నిజమే’ అన్నారు. సాగర్ గురించి ఇంతకంటే సరైన తీర్పు ఏ పుస్తకంలోనూ లేదు.

సాయంత్రం అనుపులో రంగస్థలం. మెట్ల మీద పైవరసలో కూర్చుని కింద చప్పట్లు కొడితే వినిపించే తీరును పిల్లలు పదేపదే పరీక్షించి చూశారు. తర్వాత మాచర్ల, సత్తెనపల్లి మీదుగా అమరావతికి.

అమరావతి: ఓడెక్కిన స్తూపం

అమరావతి అంటే అప్పటి ధాన్యకటకం, శాతవాహనుల కాలపు మహానగరం. దాని స్తూపానికి ఏమైందో చెప్పాలంటే 18వ శతాబ్దం చివరికి రావాలి. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు చింతపల్లి విడిచి అమరావతిలో కొత్త ఊరు కట్టిస్తున్నాడు. ఇటుకలు, రాళ్లు కావాలి. పక్కనే దీపాలదిన్నె అని పిలిచే పెద్ద దిబ్బ ఉంది. తవ్వితే రెండూ దొరికాయి. 1797లో కల్నల్ కాలిన్ మెకంజీ ఆ సంగతి తెలిసి వచ్చి చూశాడు. స్థానిక చరిత్రల సేకరణలో ఆయనకు కుడిభుజంగా నిలిచినవాళ్లు ఏలూరు ప్రాంతపు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య. మెకంజీ మళ్లీ 1816లో వచ్చేసరికి దిబ్బ మధ్యలో చెరువు తవ్వేశారు. శిల్పాలున్న పలకలు కొన్ని శివగంగ చెరువు మెట్లయ్యాయి. మిగిలినవాటికి ఆయన బృందం బొమ్మలు గీసింది. ఆ తర్వాత మాయమైన చాలా రాళ్లకు ఇప్పుడు ఆ బొమ్మలే సాక్ష్యం.

1830ల్లో మచిలీపట్నం కలెక్టరు రాబర్ట్‌సన్ తన పేరిట కడుతున్న పేట అలంకారానికి కొన్ని రాళ్లు తెప్పించుకున్నాడు. బందరులో రాబర్ట్‌సన్‌పేట ఇప్పటికీ ఉంది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి తీసిన శిల్పాలు మద్రాసు చేరి, ఏళ్ల తరబడి ఎండకూ వానకూ పడి ఉన్నాయి. 1859లో వాటిలో వందకు పైగా ఓడలో లండన్‌కు వెళ్లాయి. అక్కడైనా గౌరవం దక్కిందా అంటే, 1867లో జేమ్స్ ఫెర్గుసన్ వాటిని ఒక బండ్ల కొట్టంలో వెతికి పట్టుకోవాల్సి వచ్చింది. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియంకు మారాయి. అదే ఏడాది మద్రాసు గవర్నరు ఆదేశంతో దిబ్బ నడుమ భాగాన్ని మొత్తం తవ్వి శుభ్రం చేశారు. దాంతో స్తూపం ఉండాల్సిన చోట గుంట మిగిలింది. మిగిలిన శిల్పాల్లో అత్యధికం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి.

ఇంత కథా దిబ్బ చుట్టూ ప్రదక్షిణగా నడుస్తూనే విన్నాం. గైడు చంకలో ఒక ప్లాస్టిక్ ఫోల్డరు. ప్రతి మలుపులో ఆగి, అక్కడ ఒకప్పుడు నిలబడిన రకం రాయి ఫొటో తీసి పైకెత్తి చూపించాడు. అందరికీ బాగా నచ్చినది నాలాగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రటి పతకం. అసలుది చెన్నైలో ఉంది. రాజగృహ వీధిలో బుద్ధుడి మీదికి మదపుటేనుగును వదిలిన కథ అది. ఒకే పతకంలో ఆ ఏనుగు రెండుసార్లు ఉంటుంది. ఎడమవైపు మనిషిని తొండంతో విసిరేస్తూ వీధిని తొక్కేస్తోంది. కుడివైపు బుద్ధుడి ముందు మోకాళ్ల మీద వంగింది. మేడ మీది కిటికీల్లోంచి జనం తొంగి చూస్తున్నారు. కింద ఒకావిడ భయంతో పక్కవాణ్ని పట్టుకుంది. ఒక్క గుండ్రటి రాతిలో వీధంత గలాటా. ‘సినిమావాళ్లకు స్టోరీబోర్డు నేర్పింది మనవాళ్లే’ అని ఎవరో అన్నారు.

ఇంకో ఫొటో లండన్‌లో ఉన్న ఒక పలకది. దానికి రెండు ముఖాలు. ఒకవైపు క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు చెక్కడం: బోధివృక్షం కింద ఖాళీ ఆసనానికి జనం మొక్కుతున్నారు. అప్పట్లో బుద్ధుణ్ని మనిషి రూపంలో చెక్కేవారు కాదు. సింహాసనం, పాదముద్రలు, చక్రం చూసి ఆయన అక్కడున్నట్టు అర్థం చేసుకోవాలి. మూడు వందల ఏళ్లు దాటాక అదే పలకను తిరగేసి, రెండోవైపు సర్వాలంకారాలతో నిండిన స్తూపం బొమ్మ చెక్కారు. పాత రాయిని తీసి కొత్తగా వాడటం వెంకటాద్రినాయుడితో మొదలవలేదు, స్తూపం కట్టినవాళ్లే చేశారు. తేడా ఒక్కటే. వాళ్లు తీసిన రాయిని మళ్లీ అదే స్తూపానికి పెట్టారు.

అందుకే జమీందారు మీదో దొరల మీదో మొత్తం నేరం మోపేసి చేతులు దులుపుకోవడం కుదరదు. పూజించేవాళ్లు లేని దిబ్బ ఊరివాళ్లకు ఇటుకల గని అయింది, కలెక్టరుకు అలంకారం అయింది, లండన్‌కు ప్రదర్శన వస్తువు అయింది. చెన్నైకి, లండన్‌కు వెళ్లిన రాళ్లు కనీసం మిగిలాయి. సున్నపు బట్టీల్లో కాలినవాటికి ఆ భాగ్యం కూడా లేదు.

ఊళ్లోని మ్యూజియంలో మిగిలిన శిల్పాలు, ఆవరణలో స్తూపం నమూనా చూడకుండా కదలొద్దు. 2006లో దలైలామా కాలచక్ర ఉత్సవం జరిపింది ఇక్కడే. నది వైపు 125 అడుగుల ధ్యానబుద్ధ విగ్రహం ఉంది. ఫొటోలకు జనమంతా అక్కడే ఉంటారు.

ఉండవల్లి, బెజవాడ: ఊపిరి పీల్చుకునే పూట

విజయవాడ వెళ్లే దారిలో ఉండవల్లి గుహలు. ఒకే కొండను నాలుగు అంతస్తులుగా తొలిచారు. లోపల ఏకశిలగా పడుకున్న అనంతపద్మనాభుడి ముందు, రెండు రోజులుగా దిబ్బలే చూసిన కళ్లకు ప్రాణం లేచొస్తుంది. నగరంలో బాపు మ్యూజియంకు వెళ్తే అల్లూరులో దొరికిన నిలువెత్తు పాలరాతి రంగు బుద్ధుణ్ని చూడొచ్చు. భుజం మీంచి జారిన చీవరం ముడతలు రాతిలో గీతలు గీతలుగా పడ్డాయి. సాయంత్రం ఖాళీ. బందరు రోడ్డులో చీరలు కొనుక్కునేవాళ్లు కొనుక్కోవచ్చు. ఇలాంటి పూట ఒకటి లేకపోతే ఐదు రోజుల టూరును ఎవరూ భరించలేరు.

భట్టిప్రోలు, ఘంటసాల: రోడ్డు కింద పడినవి

డెల్టాలోకి దిగాక బస్సు కిటికీల్లోంచి వరిచేలు, అరటితోటలు, కాలువ గట్లు. బాపట్ల జిల్లా భట్టిప్రోలు స్తూపం అమరావతికి ఏమాత్రం తీసిపోనిది. 19వ శతాబ్దంలో డెల్టా కాలువలూ రోడ్లూ పడుతున్నప్పుడు, అందుబాటులో ఉన్న ఈ దిబ్బ ఇటుకలూ పాలరాళ్లూ ఆ పనులకు వెళ్లిపోయాయి. పురావస్తు శాఖ వచ్చేసరికి అండం లేదు. 1892లో అలెగ్జాండర్ రీ మిగిలిన దిబ్బ మధ్యలో కిందికి తవ్వుతూ పోయాడు. ఒకదాని కింద ఒకటిగా మూడు ధాతుపేటికలు దొరికాయి. రాతి పెట్టె, లోపల స్ఫటికపు భరిణె, చుట్టూ బంగారు పూలు, ముత్యాలు, పూసలు. దోచినవాళ్లకు పైనున్న రాయి చాలింది. లోపలిది వాళ్ల కంటపడలేదు.

ఆ పెట్టెల అంచుల మీది శాసనాలు లిపి పండితులకు పండగ. బ్రాహ్మిలోనే ప్రత్యేకమైన శాఖగా దాన్ని భట్టిప్రోలు లిపి అంటున్నారు. కుబిరకుడనే రాజు పేరు ఒకచోట ఉంటే, మిగతా నిండా గోష్ఠి సభ్యుల పేర్లే. అంటే విరాళాలు పోగుచేసి పని చేయించిన ఊరి కమిటీ అన్నమాట. పేటికలు ఇప్పుడు చెన్నైలో ఉన్నాయి. ఇక్కడి బుద్ధధాతువు 1920లో కలకత్తా మహాబోధి సొసైటీ ధర్మరాజిక విహారానికి చేరింది.

అక్కడి నుంచి కృష్ణ దాటి ఘంటసాల. రెండో శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ రాసిన కోంటకోస్సిల, నాగార్జునకొండలో బోధిసిరి చెప్పిన కంటకసోల ఈ ఊరేనని పండితులు గుర్తించారు. అప్పట్లో సముద్ర వ్యాపారానికి పేరుపడ్డ రేవు. ఇప్పుడు సముద్రం దూరం జరిగింది. కొండ మీద చదివిన పేరు డెల్టా మైదానంలో ఊరై ఎదురుపడేసరికి, నోట్‌బుక్కుల్లో బాణం గుర్తులు పడ్డాయి. ఏ ఊరికా ఊరుగా చూస్తే ఇది పట్టుబడదు. ఎగువ రాజధాని, మధ్యలో మహాక్షేత్రం, దిగువ రేవు: కృష్ణ వెంట ఒకే వ్యవస్థ నడిచిందని బస్సు ఆ వరసలో తిప్పితేనే తెలుస్తుంది. వ్యాపారి ఓడ ఎక్కడ ఆగితే భిక్షువు అక్కడ ఆగాడు. భిక్షువు ఎక్కడ ఆగితే శిల్పి అక్కడ ఉలి దించాడు.

గుంటుపల్లి: కదలనిది

చివరి రోజు ఏలూరు జిల్లా కామవరపుకోట వైపు. జీలకర్రగూడెం దగ్గర కొండల మధ్య గుంటుపల్లి. మెట్లెక్కి పైకి వెళ్తే కొండ అంచు మీద చిన్నా పెద్దా మొక్కుబడి స్తూపాలు పదుల సంఖ్యలో వరసలు తీరి ఉంటాయి. ఇవతల కొండవాలులో తొలిచిన విహారాలు, గుండ్రటి చైత్యగుహ. క్రీస్తుపూర్వపు పని ఇది. తలెత్తి చూస్తే గుహ కప్పు గొడుగు ఊచల్లాంటి రాతి వాసాలతో కనిపిస్తుంది. నిజానికి ఆ వాసాలు మోసే బరువేమీ లేదు. కొండే మొత్తం బరువు మోస్తోంది. అప్పటిదాకా కర్రతో గుండ్రటి పాకలు కట్టిన వడ్రంగి పనితనాన్ని శిల్పులు రాతిలో యథాతథంగా దించేశారు. కర్ర పాకలు ఎప్పుడో మట్టిలో కలిసిపోయాయి. అవి ఎలా ఉండేవో చెప్పేది ఈ కప్పే.

మధ్యలో ఉన్న స్తూపం కూడా అదే కొండ రాయి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దాన్ని ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. కాబట్టే ఇది పాడుబడలేదని గైడు అంటాడు. కొండలో భాగం కాబట్టి పెకలించి పట్టుకుపోవడం కుదరలేదన్నదీ నిజమే. ఏమైతేనేం, చేయి చాచి తాకితే అది ఎక్కడ చెక్కారో అక్కడే ఉంది. మూడు రోజులుగా ఫొటోల్లో రాళ్లు చూసినవాళ్లు ఆ గుహలోంచి ఓ పట్టాన బయటికి రాలేదు.

ప్రతి రాయికీ ఒక చిరునామా

తిరుగు ప్రయాణంలో జగ్గయ్యపేట. 1882లో బర్జెస్ ఇక్కడి స్తూపాన్ని తవ్వించాడు. ఈ ఊరి పేరు ప్రపంచ కళాచరిత్రలో నిలబెట్టిన శిల్పం చక్రవర్తిది. చేయెత్తి నిలబడితే మబ్బుల్లోంచి నలుచదరపు నాణేలు వానగా కురుస్తుంటాయి. అదీ చెన్నైలోనే ఉంది. జగ్గయ్యపేట కుర్రాళ్లలో ఆ శిల్పం చూసినవాళ్లు ఎంతమంది?

లండన్ రాళ్లు తిరిగొస్తాయా, చెన్నైవి ఇస్తారా అన్నవి ప్రభుత్వాలు తేల్చాల్సిన సంగతులు. అవి తేలేదాకా చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదు. మా గైడు ఫోల్డరులో చేసిన పనే ఊరి వాకిట్లో శాశ్వతంగా చేయొచ్చు. ఫలానా రాయి ఈ దిక్కున నిలబడేది, ఇప్పుడు ఫలానా నగరంలో ఫలానా మ్యూజియంలో ఉంది అని ఫొటోతో సహా తెలుగులో ఒక బోర్డు. వీలైతే పక్కన ఒక అచ్చు ప్రతి. కొత్తగా విగ్రహాలు కట్టే ఖర్చులో ఇదెంత? ఊరు విడిచి వెళ్లిన మనిషికి చిరునామా రాసి పెట్టుకుంటాం. ఊరు విడిచిన రాయికీ అంతే హక్కుంది. ఆ బోర్డులు వచ్చేదాకా ఈ బాధ్యత గైడ్లది. అందుకే టూరు బుక్ చేసే ముందు బస్సులో ఏసీ ఉందా, పుష్‌బ్యాక్ సీట్లున్నాయా అన్న ప్రశ్నల కంటే ముందు గైడు ఎవరన్నది అడగాలి.

బయల్దేరే ముందు

* నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. దిబ్బల దగ్గర నీడ ఉండదు. వేసవిలో పొద్దున పదింటికే రాయి కాలుతుంది.

* నాగార్జునకొండ, అమరావతి మ్యూజియాలకు శుక్రవారం సెలవు. ఆ రెండూ శుక్రవారం పడకుండా టూరు ఎంచుకోండి.

* లాంచీలు నీటిమట్టం, గాలి, ప్రయాణికుల సంఖ్య చూసుకుని కదులుతాయి. సాగర్ దగ్గర పూట మొత్తం ఖాళీగా ఉంచుకోండి. కొండ మీద దొరికే తినుబండారాలు తక్కువ. పులిహోర పొట్లం, నీళ్ల సీసా వెంట ఉండాలి.

* ఫణిగిరి, గుంటుపల్లి రెండింటికీ మెట్లున్నాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు చెప్పులు మాని బూట్లు వేసుకుంటే నయం. ఎక్కలేనివాళ్లు కింద కూర్చోవడానికి చోటుందో లేదో టూరువాళ్లను ముందే అడగండి.

* పిల్లల్ని తీసుకెళ్తే నాలాగిరి ఏనుగు, నాణేల వాన చక్రవర్తి ఫొటోలు ముందే చూపించండి. దిబ్బ దగ్గర వాళ్లే మీకు కథ చెబుతారు.

* ఇంకో రెండు రోజులు కలిసొస్తే విజయవాడలో రైలెక్కి చెన్నై ఎగ్మూరు మ్యూజియం చూసి రండి. ఊళ్లు చూశాక రాళ్లు చూస్తేనే టూరు పూర్తయినట్టు. అక్కడ కూడా శుక్రవారం సెలవే.